తొలి వేణువుకు కొలతే ప్రాణం

పిల్లలు వేణువు నేర్చుకుంటామని ముచ్చటపడితే చాలా ఇళ్లలో ముందుగా వాళ్ల చేతికి వచ్చేది తిరునాళ్లలో కర్రకు గుచ్చి అమ్మే రంగు పూసిన పిల్లనగ్రోవో, అలమరలో అందానికి పెట్టుకున్నదో అయి ఉంటుంది. ముందు దీనిమీద ఊదడం పట్టుబడనీ, నాలుగు కీర్తనలు వచ్చాక మంచిది కొందాం అనుకుంటారు. ఉద్యోగ విరమణ తర్వాత నేర్చుకోవడం మొదలుపెట్టే పెద్దవాళ్లదీ తరచుగా ఇదే లెక్క. పొదుపు చేయాలన్న ఆలోచన మంచిదే గానీ, ఈ వాద్యం పనిచేసే తీరు తెలిస్తే ఆ లెక్క తలకిందులుగా ఉందని అర్థమవుతుంది. శ్రుతి తప్పిన వేణువును లొంగదీసుకోగలిగేది విద్వాంసులే. కొత్తగా పట్టుకున్నవారికి ఆ నేర్పు ఇంకా రాలేదు. అందువల్ల కొలతలు సరిగ్గా కుదిరిన వేణువు అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది మొదటి పాఠం మొదలుపెట్టే విద్యార్థికి. సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే, ఆ కుదురు కోసం వేలకు వేలు పోయనక్కర్లేదు. వేణువు నాదాన్ని నిర్ణయించేది చెక్క ఖరీదు కాదు, లోపలున్న గాలి కొలతలు. ఈ మాటలు రెంటికీ భౌతికశాస్త్రంలో గట్టి ఆధారాలున్నాయి.

వీణలో తీగ కంపిస్తుంది, మృదంగంలో చర్మం కంపిస్తుంది. వేణువులో కంపించేది గాలే. పెదవుల మధ్యనుంచి పలుచని రేకులా వెలువడిన ఊపిరి, ఊదే రంధ్రం అవతలి అంచుకు తగిలి ఒకసారి గొట్టం లోపలికి, మరోసారి బయటికి ఊగుతుంది. గొట్టంలో ఉన్న గాలికి తన పొడవును బట్టి ఒక సహజమైన ఊగు ఉంటుంది. ఊపిరి రేకు ఆ ఊగుకు లొంగి దానితో జత కలిసినప్పుడు స్వరం పుడుతుంది. ఊదే వైపు కొసన కణుపు మూసి ఉన్నా, ఊదే రంధ్రమే తెరిచిన కొసగా పనిచేస్తుంది కాబట్టి వేణువును రెండువైపులా తెరిచిన గొట్టంగానే లెక్కించాలి. అలాంటి గొట్టంలో అడుగు స్వరానికి కావాల్సిన గాలి స్తంభం ఆ స్వరం తరంగదైర్ఘ్యంలో సగం ఉంటుంది. 27 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 348 మీటర్లు పోతుంది. సెకనుకు 440 కంపనాల స్వరం పలకాలంటే గాలి స్తంభం దాదాపు 39.5 సెంటీమీటర్లు ఉండాలి. వేలు ఎత్తడమంటే ఆ స్తంభాన్ని కురచ చేయడమే. అయితే రంధ్రం ఉన్నచోటే స్తంభం కోసినట్టు ఆగిపోదు. రంధ్రం చిన్నదైతే గాలికి గొట్టం ఇంకా కొంత మిగిలి ఉన్నట్టే అనిపించి స్వరం దిగుతుంది, పెద్దదైతే స్వరం ఎక్కుతుంది. గోడ మందంగా ఉంటే ఆ మందం కూడా లెక్కలోకి వస్తుంది. రంధ్రం ఎక్కడుంది, ఎంత ఉంది, గోడ ఎంత మందం అనే మూడూ కలిసి ఒక్కో స్వరం స్థానాన్ని తేలుస్తాయి.

ఇక్కడ తప్పు ఎంత చిన్నదైనా చెవికి ఎంత పెద్దదిగా వినిపిస్తుందో చూడాలి. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని వంద భాగాలు చేసి ఒక్కో భాగాన్ని సెంటు అంటారు. అలవాటు పడిన చెవి అయిదారు సెంట్ల తేడాను పసిగడుతుంది. పైన చెప్పిన 39.5 సెంటీమీటర్ల స్తంభంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే స్వరం నాలుగు సెంట్లకు పైగా కదులుతుంది. దానికి సరిగ్గా పై స్థాయిలో, సెకనుకు 880 కంపనాల దగ్గర, స్తంభం సగమే ఉంటుంది కాబట్టి అదే మిల్లీమీటరు దాదాపు తొమ్మిది సెంట్లు కదిలిస్తుంది. మూడు మిల్లీమీటర్లు జరిగితే హార్మోనియం మెట్టులో పావు వంతు పోయినట్టే. అంటే వేణువు ఎంత పొట్టిదైతే చేతిపని అంత కచ్చితంగా ఉండాలి. మన దగ్గర జరిగేది దీనికి విరుద్ధం. చిన్న చేతులకు చిన్న వేణువు అనుకుని పిల్లలకు జానెడు పిల్లనగ్రోవి ఇస్తాం. అందులో రంధ్రాలు తరచుగా కంటికి సమదూరంగా కనిపించేలా వేసినవి. స్వరాల మధ్య దూరాలు సమానం కాదు గనుక రంధ్రాల మధ్య దూరాలు, రంధ్రాల సైజులు అచ్చంగా సమానంగా ఉన్న వేణువును చూడగానే అనుమానించాలి.

అయినా అలాంటి వేణువు మీద కూడా అమ్మేవాళ్లు కమ్మగా పాట వాయించి చూపిస్తారు. అందులో మోసమేమీ లేదు. వేణువును పెదవుల వైపు కొంచెం తిప్పి ఊదే రంధ్రాన్ని ఎక్కువగా కప్పితే స్వరం దిగుతుంది, అవతలికి తిప్పితే ఎక్కుతుంది. ఊపిరి వేగాన్ని పెంచినా తగ్గించినా తేడా వస్తుంది. చేయి తిరిగినవారు చెవితో విని, పెదవితో క్షణంలో సరిచేసుకుంటారు, అలా చేస్తున్నామన్న స్పృహ కూడా వారికి ఉండదు. కచేరీ వాద్యంగా వేణువు నిలబడడానికి ఈ పెదవి నేర్పే మూలం. 19వ శతాబ్దం చివర శరభశాస్త్రి కర్ణాటక సంగీతంలో వేణువుకు ప్రధాన వాద్య స్థానం తెచ్చారు. ఆ తర్వాత టి.ఆర్. మహాలింగం గాత్రానికి దీటైన గమకాలు దానిమీద పలికించారు. గోడకు రంధ్రాలు వేసిన గొట్టం మీద గమకం పలుకుతోందంటే స్వరాన్ని పెదవీ వేలూ కలిసి ఎంతగా వంచగలవో తెలుస్తుంది. ఆ స్వేచ్ఛే కొత్తవారికి చిక్కు. తొలి పాఠాలైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. అందులోని శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం కోసం రంధ్రాన్ని సగం మూయాలి. ఎంత మూస్తే సరిపోతుందో చెప్పేది చెవి ఒక్కటే. ఆ చెవి ఇంకా తయారవుతున్న దశలో, పూర్తిగా తెరిచిన రంధ్రం కూడా తప్పు స్వరం ఇస్తే విద్యార్థికి ఆనుకోవడానికి ఏమీ మిగలదు. తప్పు తన ఊపిరిదో, వేలిదో, వాద్యానిదో తేల్చుకోలేక, నాకు స్వరజ్ఞానం లేదేమో అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. తప్పు వెదురులో ఉండగా మనిషి తనను తాను నిందించుకుని వాద్యాన్ని పక్కన పెట్టేయడం నిజంగా బాధ కలిగించే విషయం. తొలి వేణువు గురించి ఇంత పట్టుదలగా వాదించడానికి కారణం అదే.

మంచి వేణువే కావాలంటే మంచి చెక్క కావాలి కదా, మంచి చెక్కంటే ఖరీదే కదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. దీని మీద నూరేళ్లకు పైగా వాదన నడిచింది. అమెరికా భౌతికశాస్త్రవేత్త డేటన్ మిల్లర్ 22 క్యారట్ల బంగారంతో స్వయంగా వేణువు చేసుకున్నారు, లోహాన్ని బట్టి నాదం మారుతుందని నమ్మారు. ఆయన సేకరించిన దాదాపు 1,700 వేణువులు ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. అందులో 1813లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ కోసం పారిస్‌లో క్లాడ్ లారాన్ చేసిన గాజు వేణువు ఒకటి. గాజు కూడా వేణువై పలుకుతుంది మరి! అసలు పరీక్ష 1971లో జరిగింది. మరో భౌతికశాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ లోపలి కొలతలు ఒకేలా ఉండేటట్టు పలుచని వెండితో, మందపాటి రాగితో, చెక్కతో మూడు వేణువులు చేయించి, ఊదే భాగాన్ని మాత్రం అన్నిటికీ ఒకే పదార్థంతో ఒకే తీరుగా అమర్చారు. విన్నవాళ్లు ఏది ఏదో చెప్పలేకపోయారు. చేతి స్పర్శకు, బరువుకు తేడా తెలియకుండా చేసినప్పుడు వాయించినవాళ్లూ చెప్పలేకపోయారు. 2001లో వియన్నా పరిశోధకులు ఒకే తయారీదారు ఒకే నమూనాలో వెండి, బంగారం, ప్లాటినం వంటి వాటితో చేసిన పాశ్చాత్య వేణువులను పోల్చారు. అక్కడా లోహాన్ని బట్టి నాదాన్ని ఎవరూ గుర్తించలేదు. లోహం మారినప్పటికంటే వాయించేవారు మారినప్పుడే తేడా ఎక్కువగా కనిపించింది. తీగ వాద్యంలో చెక్క స్వయంగా కంపించి ధ్వనిని బయటికి పంపుతుంది గనుక పనస కర్రకు అంత విలువ. వేణువులో గోడ పని గాలిని పట్టి ఉంచడం వరకే.

దీన్ని బట్టి ఏ గొట్టమైనా ఒకటేనని అనుకోవడం కూడా పొరపాటే. పదార్థం నాదాన్ని నేరుగా మార్చదు గానీ, పనితనం ద్వారా మారుస్తుంది. గొట్టం గోడను ఒరుసుకుంటూ కదిలే గాలిలో ఒరిపిడి వల్ల శక్తి ఖర్చయ్యే పొర ఒకటుంటుంది. ఈ స్వరాల దగ్గర దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. లోపలి గోడ అంతకంటే గరుకుగా ఉన్నా, కణుపు తెరను సరిగా గీకకుండా వదిలేసినా, పీచు లేచినా శక్తి వృథా అయి నాదం బొంగురుపోతుంది. ఊదే రంధ్రం అవతలి అంచు ఇంకా ముఖ్యం. ఊపిరి రేకు చీలేది అక్కడే. ఆ అంచు చితికి, కాలిన మసితో మొద్దుబారి ఉంటే ఎంత ఊదినా గాలి చప్పుడే ఎక్కువ, స్వరం తక్కువ. వెదురు వేణువులకు రంధ్రాలు ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వలతో వేసి, తర్వాత ఆకురాయితోనో గరుకు కాగితంతోనో సవరిస్తారు. కాల్చిన తర్వాత ఒక్కో స్వరాన్నీ విని రంధ్రాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేస్తూ శ్రుతికి తెచ్చే ఓపికే మంచి వేణువుకూ ఆటబొమ్మకూ ఉన్న అసలు తేడా. వెదురు రెంటిలోనూ ఒకటే. ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్‌లో హిందుస్తానీ వేణువులైన బాంసురీలు చేసే కుటుంబాలు అస్సాం నుంచి వచ్చే వెదురు వాడతాయి. కణుపుల మధ్య పొడవు, గోడ పలుచదనం ఆ వెదురులో వేణువుకు అనువుగా కుదురుతాయి. ఒకే చోట, ఒకే వెదురుతో జాతర సరుకూ తయారవుతుంది, కచేరీ వేణువూ తయారవుతుంది. కొనేవారు చెల్లించే డబ్బు ఎక్కువగా పోయేది ఆ సవరణలో గడిచిన గంటలకు, వెదురును ఎన్నిక చేసి ఆరబెట్టిన కాలానికి. అందుకే కొన్ని వందల రూపాయల్లో శ్రుతి చూసి ఇచ్చిన సాదా వెదురు వేణువు, నగిషీలు చెక్కి పట్టుదారాలు చుట్టిన ఖరీదైనదానికంటే మేలుగా ఉండవచ్చు.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది పద్ధతి. కర్ణాటక వేణువుకు ఎనిమిది స్వర రంధ్రాలు, షడ్జం మొదటి రెండు మూసినప్పుడు పలుకుతుంది. హిందుస్తానీ బాంసురీకి ఆరో ఏడో రంధ్రాలు, అక్కడ షడ్జానికి మూడు మూయాలి. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేవి బాంసురీలే. తెలుగు నాట గురువు కర్ణాటక పద్ధతిలో పాఠం చెబుతుంటే, బాంసురీ మీద వేళ్లు వేసే తీరు ఎప్పటికీ కుదరదు. రెండోది శ్రుతి. మన హార్మోనియం లెక్కలో ఒకటి శ్రుతి అంటే పాశ్చాత్యుల సి, అయిదు అంటే జి, ఆరు అంటే ఎ. శ్రుతి తగ్గేకొద్దీ గొట్టం పొడవై రంధ్రాలు దూరమవుతాయి, గాలి ఎక్కువ కావాలి. పన్నాలాల్ ఘోష్ 20వ శతాబ్దంలో పొడవాటి బాంసురీని శాస్త్రీయ కచేరీకి తెచ్చారు. ఆ గంభీరమైన మంద్రం మీద మోజుతో మొదటే అంత పొడవుది కొంటే వేళ్లు సాగక రంధ్రాలు సగం సగం మూతపడతాయి. ఒక్క రంధ్రం దగ్గర గాలి కారినా దాని కింది స్వరాలన్నీ పాడవుతాయి. మరీ పొట్టిదైతే చిన్న తప్పు పెద్దదవుతుందని ముందే చూశాం. కాబట్టి వేళ్ల మెత్తని భాగం ఒత్తిడి లేకుండా అన్ని రంధ్రాలనూ మూయగలిగినంతలో మధ్యరకం పొడవు మంచిది. గురువు చెప్పిన శ్రుతి ఉంటే మరో ఆలోచన అక్కర్లేదు, ఎందుకంటే తరగతిలో అందరి వేణువులూ ఒకే శ్రుతిలో ఉండాలి.

శ్రుతి సరిచూడడానికి ఇప్పుడు ఫోనులో ఉచితంగా దొరికే ట్యూనర్ చాలు. వాయించడం తెలిసినవారిని వెంట తీసుకువెళితే, పెదవితో సరిచేయకుండా వేణువును ఒకే కోణంలో పట్టుకుని ప్రతి స్వరమూ నిలకడగా ఊదమని అడగాలి. పాట వాయించమనకూడదు, పాటలో తప్పులు దాగిపోతాయి. అలా ఊదినప్పుడు మధ్య షడ్జం, తార షడ్జం రెండూ కలుస్తున్నాయా అన్నది మొట్టమొదట చూడాలి. కణుపు మూతకూ ఊదే రంధ్రానికీ మధ్య దూరం, గొట్టం వెడల్పు సరిగా కుదరకపోతే పై స్థాయి పక్కకు పోతుంది. ఒక్క స్వరం కొంచెం దిగి ఉంటే రంధ్రాన్ని సన్నగా గీకి ఎక్కించవచ్చు, కొంచెం ఎక్కి ఉంటే అంచున మైనం పూసి దించవచ్చు. స్థాయిలే కలవని వేణువుకు మాత్రం మందు లేదు. వేడి సంగతి కూడా మరిచిపోకూడదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే స్వరం దాదాపు మూడు సెంట్లు ఎక్కుతుంది. ఏసీ దుకాణంలో 22 డిగ్రీల దగ్గర సరిపోయినది వేసవి మధ్యాహ్నం 35 డిగ్రీల గదిలో హార్మోనియం మెట్టులో మూడో వంతు దాకా ఎక్కి పలకవచ్చు. ఊపిరి వేడి వల్ల లోపలి గాలి రెండుచోట్లా కొంత వెచ్చగానే ఉంటుంది కాబట్టి నిజంగా వచ్చే తేడా అంతకంటే తక్కువే, అయినా కాసేపు ఊది వేడెక్కించాక చూడడమే న్యాయం. అన్ని స్వరాలూ ఒకే మేర ఎక్కినా దిగినా అది వాతావరణం పని. ఒకటి ఎక్కి మరొకటి దిగితే అది చేతిపనిలో తప్పు.

ట్యూనర్ పాశ్చాత్య సమాన విభజనకు కట్టుబడిన యంత్రం, దానితో మన సంగీతాన్ని ఎలా కొలుస్తారని సంగీతజ్ఞులు అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరం సరైనదే, దానికి లెక్క ఉంది. తంబురాతో హాయిగా కలిసే అంతర గాంధారం షడ్జానికి 5/4 నిష్పత్తిలో ఉంటుంది, అంటే 386 సెంట్లు. ట్యూనర్ చూపేది 400. కాకలి నిషాదం కూడా 15/8 నిష్పత్తిలో 1088 సెంట్ల దగ్గర ఉండి, ట్యూనర్ లెక్కకు 12 సెంట్లు తక్కువ. మాయామాళవగౌళలో ఈ రెండూ ఉన్నాయి. కాబట్టి గాంధారం 14 సెంట్లు దిగిందని చూపినంత మాత్రాన మంచి వేణువును వద్దనకూడదు, అది చేసినవారి చెవి బాగా పనిచేసిందనడానికి గుర్తు కావచ్చు. పంచమం దగ్గర తేడా రెండు సెంట్లే గనుక షడ్జ పంచమాలను ట్యూనర్‌తో నిశ్చింతగా చూసి, మిగతా వాటిని శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని చెవితో తేల్చుకోవడం మంచి మార్గం. గమకం వచ్చాక స్వరం ఎలాగూ ఒకచోట నిలవదు కదా, ఇంత కచ్చితత్వం దేనికని అడిగేవారూ ఉన్నారు. గమకం ఒక స్వరస్థానం చుట్టూ అల్లుకుంటుంది. ఆ స్థానమే తెలియనివారికి ఊపు ఎక్కడినుంచి ఎక్కడికో తెలియదు.

ఎలాగూ కొంటున్నాం, ఒకేసారి జీవితాంతం ఉండేది కొందామనేవారి వాదనలోనూ బలముంది, ముఖ్యంగా పెద్దవయసులో నేర్చుకునేవారి విషయంలో. నా ఉద్దేశంలో అది రెండో ఏట తీసుకోవాల్సిన నిర్ణయం. పెదవి ఆకృతి, ఊపిరి బలం, వేళ్ల సాగుదల మొదటి ఏడాదిలో చాలా మారతాయి. ఏ శ్రుతి తన ఊపిరికి సరిపోతుందో అప్పటికి గాని తెలియదు. పైగా ఒక వేణువు ఒకే శ్రుతికి పనికొస్తుంది. కచేరీ విద్వాంసుల సంచిలో ఒకటి కాదు, శ్రుతికొకటి చొప్పున పలు వేణువులుంటాయి. వెదురు ఎంత గొప్పదైనా ఒక ఎండాకాలం అజాగ్రత్తతో నిలువునా పగలవచ్చు. ఇన్ని అనిశ్చితుల మధ్య మొదటే ఖరీదైనదానికి కట్టుబడడం కంటే, చవకగా ఉన్నా కొలత కుదిరినదాన్ని తీసుకుని మిగిలిన డబ్బు గురువు రుసుముకు కేటాయించుకోవడం తెలివైన పని.

పదార్థం ముఖ్యం కానప్పుడు నీళ్ల పైపు ప్లాస్టిక్‌తో చేసిన వేణువు కొంటే ఏమన్న ప్రశ్న మిగిలింది. శాస్త్రం ప్రకారం దానికి అడ్డు చెప్పడానికి ఏమీ లేదు. యంత్రంలో తయారైన గొట్టం లోపల నున్నగా, ఒకే వెడల్పుతో ఉంటుంది, పగలదు, పురుగు పట్టదు, ఒకదానికి కుదిరిన కొలత వందవదానికీ కుదురుతుంది. వసతిగృహంలో ఉండే విద్యార్థికి, చలిదేశాల్లో హీటర్ల పొడిగాలిలో బతికే తెలుగు కుటుంబాల పిల్లలకు అది వెదురుకంటే నమ్మకమైన తోడు. వెదురుకు ఉన్న మేలు వేరు. అది తేలిక, ఊపిరి తడిని కొంత పీల్చుకుంటుంది, వేళ్ల కింద జారదు. గీకి సవరించడానికి సులువుగా లొంగుతుంది గనుక చేతిపనివారు ఒక్కో స్వరాన్నీ చెవికి సరిపోయేదాకా మలచగలరు. దాని బలహీనత తడి, పొడి. తడికి ఉబ్బి పొడికి కుంచించుకునే ఆ కదలిక వెదురులో పొడవునా చాలా తక్కువ, అడ్డంగా ఎక్కువ. అందుకే శ్రుతి అంతగా చెదరదు గానీ, గోడ నిలువునా చీలుతుంది. రెండు కొసల దగ్గర బిగుతుగా దారం చుట్టి ఉండడం ఈ చీలికను ఆపడానికే, కాబట్టి కొనేటప్పుడు అది వదులుగా లేదని చూసుకోవాలి. అన్ని రంధ్రాలూ మూసి ఊదినప్పుడు అడుగు స్వరం నిండుగా రాకపోతే, కంటికి కనిపించని పగులు ఎక్కడో గాలిని వదిలేస్తున్నదేమోనని అనుమానించాలి. సన్నని పిండి రాలుతుంటే పురుగు లోపల ఉన్నట్టు. వాయించాక లోపలి తడిని గుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు పలుచగా నూనె రాసి, గుడ్డ సంచిలో ఎండ తగలని చోట పెడితే వందల రూపాయల వేణువు కూడా ఏళ్ల తరబడి శ్రుతిలో నిలుస్తుంది. మూసి ఉంచిన కారులో మధ్యాహ్నమంతా వదిలేస్తే ఎంత ఖరీదైన వెదురైనా పగిలిపోవచ్చు.